చివరి నోరు

పోయిన వారం ఉషారాణిని ఖమ్మం బస్టాండులో, భద్రాచలం బస్సు కిటికీ పక్కన కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆమె ఆ సీట్లోనే ఉంది. కొత్తగా చేరినవాళ్ల కోసం ఆమె ఎవరో, ఎక్కడికి పోతోందో నాలుగు ముక్కల్లో చెప్పేసి బస్సు కదిలిస్తాను.

ఉషారాణి ఖమ్మంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. ఖానాపురం హవేలిలో ఓ డాబా మీద ఒంటి గది కిరాయికి తీసుకుని ఉంటోంది. పుట్టింది మాత్రం అడవి అంచున, తెల్లగుట్ట తండాలో. ఆ గుట్టంతా ఉక్కు ఫ్యాక్టరీలకు పనికొచ్చే తెల్లరాయి. పేరుకు అది తండా గిరిజనుల సొసైటీది. ఆ సొసైటీకి పెద్ద ఉషారాణి తండ్రి, తండా నాయక్ చందూలాల్. తవ్వేదీ, లారీలకెత్తేదీ, అమ్ముకునేదీ మాత్రం దమ్మపేట అనిల్‌కుమార్. తండావాళ్లకు దక్కేది రాళ్లు కొట్టిన కూలీ, ఊపిరితిత్తుల నిండా దుమ్మూ. ఇప్పుడు తవ్వకం గడువు తీరింది. మళ్లీ తవ్వాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. ఈ ఎండాకాలమంతా ఉషారాణి సెలవుల్ని తండాలోనే గడిపి ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడింది. గుట్టను మనమే తవ్వుకుందాం, రాయిని ముడిగా పంపకుండా ఇక్కడే నీళ్లు చల్లుతూ పొడికొట్టే మిషను పెట్టుకుందాం, లారీ తూచే కాంటా మన తండాలోనే ఉండాలి, వచ్చిందాంట్లో బడికీ దవాఖానాకీ ముందే తీసి పక్కన పెట్టాలి, లెక్క అందరి ముందూ చదవాలి అని చెప్పింది. వాళ్లు సభలో చేతులెత్తుతామని మాటిచ్చారు. సభ ఇవాళే.

ఇక బస్సు పోనిద్దాం.

వైరా దాటుతుంటే రిజర్వాయరు నీళ్లు ఎండకు మెరిశాయి. బస్సులో సగంమంది రాములవారి దర్శనానికి పోయేవాళ్లు, పులిహోర పొట్లాలు విప్పి పంచుకుంటున్నారు. పక్క సీటావిడ ఉషారాణి చేతిలో కూడా ఓ ముద్ద పెట్టి, ఒక్కదానివేనా అమ్మా అని అడిగింది. ఒక్కదాన్నే అంది ఉషారాణి. ఆ జవాబు ఆమెకు నోటికి అలవాటైపోయింది. గది కిరాయికి అడిగినప్పుడు అదే చెప్పింది, గ్యాసు కనెక్షనుకు అదే చెప్పింది. తండాలో ఆమె చదువుకు తగ్గ పిల్లగాడు దొరకలేదు, పట్నంలో ఆమె తండాను ఒప్పుకునే పిల్లగాడు దొరకలేదు. ముప్పై దాటాక ఆ మాట ఎత్తడం అందరూ మానేశారు, అదొక్కటి ఆమెకు హాయిగా ఉంది. హాయిగా ఉందని అనుకుంటుంది, అంతే.

కిటికీలోంచి ఎదురుగా వస్తున్న లారీలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, బాధేసి మానేసింది. అన్నీ తెల్లరాయి లారీలే. మొన్న క్లాసులో పాఠం కూడా అదే: భూమిలో సంపద ఉన్నచోట మనుషులు ఎందుకు పేదవాళ్లు? పుస్తకంలో ఉన్న కారణాలన్నీ చెప్పింది. ముడిసరుకు పోయి విలువ వేరేచోట పెరుగుతుందనీ, దళారులు మధ్యలో తినేస్తారనీ, అడిగే సంస్థలు లేవనీ చెప్పింది. పిల్లలు రాసుకున్నారు. లిఖిత అనే అమ్మాయి మాత్రం పెన్ను మూసి, "మేడమ్, అడిగేవాళ్లు ఎందుకు ఉండరు? అడగాలని ఎవరికీ అనిపించదా?" అంది. సిలబస్‌లో లేని ప్రశ్న. బెల్లు మోగింది కాబట్టి ఉషారాణి బతికిపోయింది.

అడవి మొదలైన తర్వాత స్టాపులో దిగి షేర్ ఆటో ఎక్కింది. రోడ్డు పక్క టేకాకుల మీద తెల్లటి దుమ్ము. తొలకరి పడి నాలుగు రోజులైనా కడిగినట్టు లేదు. తండాకు తిరిగే మలుపులో తూర్పు గుంట ఉంది. గుట్టను ఆ పక్క లోపలికంటా తవ్వేసి వదిలేస్తే మిగిలిన గుంట. అడుగున వాన నీళ్లు చేరాయి, పిల్లలు ఈదుతున్నారు. ఆటో చూసి, "మేడమ్ గుంటకు మేడమ్ వచ్చింది" అని అరిచారు. ఆ గుంటకు పిల్లలు ఆ పేరు ఎందుకు పెట్టారో ఉషారాణికి తెలుసు. ఎండాకాలంలో మీటింగులన్నీ దాని గట్టు మీదే పెట్టింది కదా. చెయ్యి ఊపింది.

తండా మొదట్లోనే తల్లి గోరి ఎదురొచ్చింది. ఇది వింత. గోరి ఎదురొచ్చే మనిషి కాదు. ఉషారాణి ఎప్పుడొచ్చినా పొయ్యి దగ్గర నుంచే, వచ్చినవా అని ఒక్క మాట అనేసి రొట్టె తట్టుకుంటూ ఉంటుంది. ఇవాళ చేతిలో ఇత్తడి పళ్లెం, దాని మీద గుడ్డ. దగ్గరికి వచ్చి, గుడ్డ తొలగించి, ఒక బెల్లం ముక్క తీసి కూతురి నోట్లో పెట్టింది.

ఉషారాణికి కళ్లు చెమర్చాయి. తల్లి తినిపించి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు లేదు. హాస్టలుకు పంపేరోజున పెట్టిన ముద్దే చివరిది కాబోలు. సగం ముక్క కొరికి మింగి, మిగతా సగం చేతిలోకి తీసుకుని ప్రేమగా తల్లి నోటి దగ్గర పెట్టింది.

వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ మాట. మన సౌకర్యం కోసం నేను తెలుగులో చెబుతున్నాను, యాడి (అమ్మ), బా (నాన్న) అన్న పిలుపులు మాత్రం అలాగే ఉంచాను.

"నాకొద్దు బిడ్డా," అంది గోరి, ముఖం పక్కకు తిప్పుకుని. "పన్ను గుంజుతాంది."

"ఏం విశేషం యాడీ? ఎవరింట్ల సంబంధం ఖాయమైంది?"

గోరి పళ్లెం మీద గుడ్డ కప్పేసింది. ఇంటికి రా, కాళ్లు కడుక్కో అని మాత్రం అని ముందు నడిచింది. ఉషారాణి ఆ సగం కూడా నోట్లో వేసుకుని చప్పరిస్తూ వెనకాల నడిచింది. చిన్నపిల్లలా ఉంది మనసు. ఆ నాలుగడుగులూ అలా నడవనిద్దాం, పాపం. తర్వాత నడవబోయేదంతా ఆమె ఒంటరిగానే నడవాలి.

మంగమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి ఉషారాణి ఆగింది. మంగమ్మ మొగుడు రాయి కొట్టీ కొట్టీ దుమ్ము దగ్గుతో పోయాడు. ఎండాకాలం మీటింగుల్లో అందరికంటే గట్టిగా మాట్లాడింది మంగమ్మే. ఇవాళ ఉషారాణిని చూసి కూడా చాటలో బియ్యం వైపే చూస్తూ కూర్చుంది. పక్కింటి ఆడవాళ్లు లోపలికి పోయారు. సభకు ఎప్పుడు పోదాం అని అడిగితే మంగమ్మ తల ఎత్తలేదు.

"ఇంకెక్కడి సభ మేడమ్. బెల్లం తింటిమి గద. ఇగ నీ నోట్ల గూడ పడ్డది."

నోట్లో తీపి నోట్లోనే ఉండగా ఉషారాణికి విషయం అర్థమైంది.

తండా బయటివాళ్లకు ఇది చెప్పాలి. తెల్లగుట్ట తండాలో మాట ఖాయమైందంటే సంతకం కాదు, బెల్లం. పెళ్లి సంబంధమైనా, తగువు తీరినా, ఎవరితోనైనా ఒప్పందమైనా, నాయక్ ఇంట్లోంచి బెల్లం బయల్దేరి గడప గడపకూ పోతుంది. తండాలో పుట్టిన ప్రతి నోరూ, తండాకు కోడలై వచ్చిన ప్రతి నోరూ తీపి కావాలి. ఒక్క నోరు మిగిలిపోయినా మాట కట్టుబడనట్టే. అన్ని నోళ్లూ తీపి అయ్యాయని నాయక్ దేవుడి తెల్లజెండా నాటిన గద్దె ముట్టుకుని చెబుతాడు. ఆ తర్వాత మాట తప్పినా, ఆయన చెప్పింది అబద్ధమని తేలినా, తలపాగా తీసి గద్దె మీద పెట్టి ఇంటిల్లిపాదీ తండా దాటిపోవాలి. వెనకటికి ఒక నాయక్ అలా పోయాడట. వాళ్ల ఇల్లు ఇప్పటికీ మొండిగోడలే, ఎవరూ కప్పు వెయ్యలేదు.

ఊరు వదిలి ఖానాపురం హవేలిలో ఉంటున్నా ఉషారాణి తండాలో పుట్టిన నోరే. చివరి నోరు. ఆమె కోసమే ఆగారు.

చందూలాల్ ఇంటి ముందు కూర్చుని పారకు కొత్త కామ బిగిస్తున్నాడు. తెల్ల తలపాగా, తెల్ల మీసం, మనిషి ఎప్పటిలాగే నిటారుగా ఉన్నాడు. లోపల గోరి రొట్టెలు తడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఉషారాణి కాళ్లు కడుక్కోలేదు, కూర్చోలేదు.

"నన్ను అడగకుండ నా నోట్ల పెట్టించినవ్ బా."

"అడిగితే తింటవా?"

తినను అంది. అందుకే అడగలేదు అన్నాడు ఆయన, పార తిప్పి చూసుకుంటూ. కోపం లేదు ఆ గొంతులో. ఉషారాణికి అదే ఎక్కువ మంట పెట్టింది. ఎండాకాలమంతా ఆడవాళ్లకు చెప్పిందంతా ఆయన ముందు మళ్లీ చెప్పింది, కొంచెం క్లాసులో చెప్పినట్టే చెప్పింది. మన గుట్ట మీద బతికేవాళ్లు దమ్మపేటలో మేడలు కట్టారు, ఫ్యాక్టరీ ఊళ్లలో రోడ్లు వేసుకున్నారు, మనం ఆ రాయి పక్కనే పుట్టి రేకుల కింద చస్తున్నాం, ఎందుకని ఒక్కసారైనా ఆలోచించావా అని అడిగింది.

చందూలాల్ ఆలోచించాడు. ఆయన ఆలోచించలేదని అనుకోవడం ఉషారాణి పొరపాటు. చదువుకున్నవాళ్లు తరచూ చేసే పొరపాటే అది. నీ తమ్ముడు కడుపులో అడ్డం తిరిగినప్పుడు మీ యాడిని భద్రాచలం దవాఖానాకు మోసింది రాయి లారీయే అని గుర్తుచేశాడు ఆయన. మంగమ్మ మొగుడి శవం తెచ్చింది కూడా అదే లారీ. పంట పోయిన ఏడు తండాకు గింజలు దించింది అదే లారీ. ఆ లారీ ఆగిపోతే ఎవరి గడప తొక్కాలో చెప్పు, అప్పుడు నీ మిషను సంగతి మాట్లాడుకుందాం అన్నాడు.

"ఆ లారీ ఉండబట్టే గద, మనకు దవాఖానా కావాలె అని ఎవ్వరు అడగలే," అంది ఉషారాణి. అంటూ ఉండగానే ఆమెకు లిఖిత గుర్తొచ్చింది. పెన్ను మూసి ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఇదేనేమో. అడక్కముందే చేతిలో ఇంత పెట్టేవాడు ఉంటే, అడిగే అలవాటే పోతుంది. ఇచ్చేవాడు మంచివాడైతే మరీ పోతుంది.

చందూలాల్ పార పక్కన పెట్టాడు. నువ్వు చెప్పే సొసైటీ కొత్తదేం కాదు, ఇప్పుడున్నదీ సొసైటీయే, దానికి పెద్దను నేనే కదా అన్నాడు. రేపు నీ మిషను పెట్టినా, కాంటా పెట్టినా, దాని దగ్గర ఇంకో చందూలాల్ కూర్చుంటాడు, వాడి బిడ్డకు జ్వరం వస్తుంది, వాడూ ఎవడిదో లారీ ఎక్కుతాడు. ఇది ఆయన ఎవరినీ తప్పుపట్టకుండా, వాన పడుతుందని చెప్పినట్టు చెప్పాడు. అందుకే లెక్క అందరి ముందూ చదవాలంటున్నాను అంది ఉషారాణి. నువ్వు కూర్చున్నా మంగమ్మ లేచి అడగ్గలగాలి, అడిగితే నీకు కోపం రాకూడదు. అదొక్కటి జరిగితే మిగతావన్నీ జరుగుతాయి.

"మంగమ్మ అడుగుతదా?"

"నేను అడుగుత. యాడి వెండి సొమ్ములు అమ్మి చదివించింది నన్ను. ఆ చదువు దీనిక్కాకపోతే దేనికి?"

లోపల రొట్టె తట్టే చప్పుడు ఆగింది.

చందూలాల్ కూతురి ముఖంలోకి చూశాడు. చెప్పాలా వద్దా అని కాదు, ఎలా చెప్పాలా అని చూస్తున్నట్టుంది ఆ చూపు.

"మీ యాడి వెండి ఒక్క ఏడాదికి వచ్చింది," అన్నాడు. "తూరుపు గుంట జూసినవ్ గద వచ్చేటప్పుడు? అది నీ డిగ్రీ."

ఉషారాణికి అర్థం కాలేదు. అర్థం కాకూడదని ఆమె కాసేపు ప్రయత్నించింది కూడా. చందూలాల్ మెల్లగా చెప్పుకొచ్చాడు. అనిల్‌కుమార్ తండ్రి చెంచురామయ్య కాలంలో తూర్పు పక్క తవ్వకూడదని కట్టడి ఉండేది, అక్కడ ఊట ఉంది, తండా అంతా ఆ నీళ్లే తాగేది. హాస్టలు ఫీజు కట్టలేక ఉషారాణిని మానిపించి తీసుకొచ్చిన ఏడు చెంచురామయ్య జీపు దిగి ఇదే గడపలో కూర్చున్నాడు. తూర్పు పక్క వదలండి, అమ్మాయి ఎంతవరకు చదివితే అంతవరకు నాది బాధ్యత అన్నాడు. చందూలాల్ ఒక్కడే ఒప్పుకుంటే సరిపోదు కదా. తండా కూర్చుంది. మన పిల్లల్లో ఒక్కతన్నా ఆ గుట్ట దాటి చదవాలి అని తండా అనుకుంది. బెల్లం తిన్నారు; ఎవరి పెళ్లిదో అనుకుని చిన్న ఉషారాణీ తింది. మూడు ఎండాకాలాలు తిరక్కుండా ఊట ఎండిపోయింది. అప్పటినుంచి ఆడవాళ్లు వాగు దాకా నడిచి నీళ్లు మోస్తున్నారు.

"అందరికి ఎరుకేనా?" అని అడిగింది ఉషారాణి.

"నీకు తప్ప అందరికి ఎరుకే. చెప్తే నువ్వు చదవవని మీ యాడి చెప్పనియ్యలే."

మేడమ్ గుంట. ఆ పేరు మీటింగుల వల్ల వచ్చింది కాదు. మీటింగులకు చాలా ముందే తల్లులు పెట్టుకుంటే పిల్లలు అందుకున్నారు. ఎండాకాలమంతా ఆ గట్టు మీద నిలబడి, మన సంపద ఎటు పోయిందో ఆలోచించండి అక్కా అని ఆమె చెబుతుంటే, ఆ ఆడవాళ్లు తలలు వంచుకుని విన్నారు. పాఠం బాగా అర్థమవుతోందని ఆమె మురిసింది. ఒక్కరూ ఎత్తిపొడవలేదు. బిందె నెత్తిన పెట్టుకుని వాగుకు పోతూ ఆమెకు దారి ఇచ్చి, మేడమ్ అని పిలిచారు. ఉషా అని పిలవడం వాళ్లు ఎప్పుడు మానేశారో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఖానాపురం గదిలో రాత్రుళ్లు పడే ఒంటరితనం ఒక ఎత్తు, సొంత తండా నడిమధ్య నిలబడి పడే ఈ ఒంటరితనం ఒక ఎత్తు. అక్కడ కనీసం తలుపు వేసుకోవచ్చు.

"ఒక ఊట పోతే ఒక్క పిల్ల చదివింది," అంది చివరికి. "ఇప్పుడు గుట్ట మొత్తం పోతది. ఎవరు చదువుతరు బా?"

చందూలాల్ పార భుజాన వేసుకుని లేచాడు. "అది నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు. ఆయన నిజమే చెప్పాడు.

సభ మధ్యాహ్నం బడి వరండాలో జరిగింది. మండలం నుంచి రవీందర్ అనే అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పాల్సింది చెప్పి రాసుకోవాల్సింది రాసుకునే మనిషి. అనిల్‌కుమార్ కారు దూరంగా ఆపించి నడిచి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ఏమీ లేదు. పేరుపేరునా అందరినీ పలకరించాడు. దగ్గే ముసలాయన్ని మందులు వాడుతున్నావా అని అడిగాడు. ఆ అడగడంలో నటన లేదు, అదే వచ్చిన చిక్కు. ఉషారాణి దగ్గర ఆగి చేతులు జోడించాడు.

"బాగున్నావా చెల్లెమ్మా? నువ్వు చెప్పేవన్నీ విన్నాను. మంచివే. కానీ నేను తవ్వకపోతే ఇంకొకడు వచ్చి తవ్వుతాడు. ఆ వచ్చేవాడికి మీ నాన్న పేరు కూడా తెలీదు."

నాన్న పేరు తెలియకపోతే మేలేమో, అప్పుడైనా లెక్క అడుగుతాం అనుకుంది ఉషారాణి. పైకి అనలేదు. ఈయన తండ్రి కట్టిన ఫీజుతో నేర్చుకున్న మాటలు ఈయన మీదే ఎలా వాడాలో ఆమెకు తోచలేదు.

చందూలాల్ బడి పక్కనున్న తెల్లజెండా గద్దె ముట్టుకుని, తండాలో అన్ని నోళ్లూ తీపి అయ్యాయని అందరికీ వినపడేలా చెప్పాడు. రవీందర్‌కు ఆ పద్ధతితో పని లేదు. సొసైటీ తరఫున అనిల్‌కుమార్ తవ్వకం సాగించడానికి తీర్మానం చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చేయి ఎత్తండి, రాసుకుంటాను అన్నాడు. ఎవరూ కదల్లేదు. మంగమ్మ కొంగుతో మూతి తుడుచుకుని కింద చూసింది. ఎండాకాలం చేతులెత్తుతామన్న ఆడవాళ్లంతా ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు తనకు లేదని ఉషారాణికి తెలుసు. అయినా ఆమె లేచి చేయి ఎత్తింది. తలపాగా పోతే పోనీ, తండ్రిని తన గదికే తీసుకుపోతాననే తెగింపుతో ఎత్తింది.

రవీందర్ కాగితాలు తిరగేసి, ఇబ్బందిగా తల ఊపాడు. "మేడమ్, మీ ఓటు ఖానాపురం హవేలిలో ఉన్నది గదా. ఇక్కడ మీ చెయ్యి రాసుకోలేను."

గ్యాసు కనెక్షను కోసం చిరునామా మార్పించినప్పుడు ఓటు కూడా మారింది. ఆ రోజు అదొక పెద్ద విషయం అనిపించలేదు. బెల్లం తినడానికి ఆమె తండా మనిషి, చేయి ఎత్తడానికి కాదు. ఉషారాణి చేయి దించి కూర్చుంది. పక్కన కూర్చున్నామె కొంచెం జరిగింది. చోటు ఇవ్వడానికో, దూరం జరగడానికో తెలియలేదు.

రవీందర్ పెన్ను తీశాడు. అప్పుడు వరండా చివర, పళ్లేల దగ్గర కూర్చున్నవాళ్లలోంచి ఒక చెయ్యి లేచింది. మోచేతి దాకా తెల్ల గాజులు, వేళ్లకు ఇంకా పిండి.

గోరి.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. నీళ్లు కావాలేమో అనుకున్నారు. చందూలాల్ కూడా విసుగ్గా, కూర్చో అన్నట్టు చెయ్యి ఊపాడు. గోరి కూర్చోలేదు. సభలో ఆమె గొంతు తండా ఎన్నడూ వినలేదు, అందుకే అది వినపడ్డానికి అందరూ ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

"నేను తినలే."

"ఏంది?" అన్నాడు చందూలాల్.

"నేను బెల్లం తినలే. ఇల్లిల్లు తిరిగి అందరి నోట్ల నేనే పెట్టిన. నా నోట్ల ఎవరు పెట్టిండ్రు?"

ఎవరూ పెట్టలేదు. తండా అంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నాయక్ భార్య కాబట్టి పంచింది ఆమె, ప్రతిసారీ ఆమే పంచుతుంది. ఎవరి నోరు మిగిలిందని ఊరంతా వెతికారు, ఖమ్మం దాకా వెతికారు. పళ్లెం పట్టుకున్న మనిషికి కూడా నోరుంటుందని ఒక్కరికీ తట్టలేదు. పన్ను గుంజుతోందని పొద్దున ముఖం తిప్పుకున్న తల్లి ఉషారాణి కళ్ల ముందు మెదిలింది. పన్ను కాదు అది. కూతురి చేతి ముక్క నోట్లో పడితే ఈ చెయ్యి లేచేది కాదు.

వెంటనే ఇంకొకటి కూడా ఆమెకు తట్టింది. అన్ని నోళ్లూ తీపి అయ్యాయని తండ్రి ఇప్పుడే గద్దె ముట్టుకుని చెప్పాడు. ఆ మాట అబద్ధమైంది; కట్టుబడని మాటకు ఇక ఎవరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. గుట్ట నిలవాలంటే తలపాగా దిగాలి. తల్లి ఆ సంగతి ఎరగనిది కాదు. ఎరిగే చేయి ఎత్తింది.

అనిల్‌కుమార్ మెత్తగా నవ్వాడు. "దానికేముంది నాయకా, మరిచిపోయావు అంతే. ఇంకా సభ అయిపోలేదుగా. ఇప్పుడు పెట్టు, నీ చేత్తోనే పెట్టు." ఇత్తడి పళ్లెం తనే అందుకుని చందూలాల్ ముందు పట్టాడు. గుడ్డ కింద ఇంకా ఒక ముక్క ఉంది.

చందూలాల్ ఆ ముక్క తీసుకున్నాడు. వరండా చివరిదాకా నడిచాడు. తలపాగా కొస భుజం మీదికి జారినా సర్దుకోలేదు. గోరి ఎదురుగా నిలబడి, బెల్లం ఆమె పెదవుల దగ్గరికి తీసుకుపోయాడు.

"తిను గోరీ," అన్నాడు, ఒకరికే వినపడేంత మెల్లగా.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన తన చేత్తో ఆమెకు ఏదైనా తినిపించబోవడం అదే మొదటిసారి. ఆ సంగతి గోరికి తెలుసు. అక్కడ కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. గోరి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మొగుడి చేతిని చూసింది, అక్కణ్ణుంచి కూతుర్ని చూసింది, ఆ పైన తెల్లగుట్టను చూసింది.

తర్వాత నోరు తెరిచింది.